ఆ చివరి పేజీ నేను చదవలేదు

నేను అక్షరాలు దిద్దింది యాభై రెండో ఏట. గోదావరిఖనిలో మా క్వార్టర్ల మధ్య ఉన్న కమ్యూనిటీ హాలులో సాయంత్రాలు ఆడవాళ్ళకు చదువు చెప్పేవారు. నా బిడ్డను ఇంట్లో ఒంటరిగా వదలలేక వెంట తీసుకెళ్ళేదాన్ని. అప్పటికి తనకు ఇరవై ఎనిమిదేళ్ళు. వయసుతో పాటు బుద్ధి ఎదగదని దవాఖానలో చిన్నప్పుడే చెప్పారు. నేను పలక మీద గుణింతాలు రాస్తుంటే పక్కన కూర్చుని నా బలపాలు కొరికి తినేది.

రెండేళ్ళకు కథలు చదవగలిగాను. వాటిలో నా బిడ్డలాంటి వాళ్ళు కనిపించారు. కొన్నిట్లో జనాన్ని నవ్వించడానికి వస్తారు, కొన్నిట్లో మంచివాళ్ళకు కళ్ళు తెరిపించడానికి. వాళ్ళ నోట అబద్ధం రాదు. చివరికి ఎవరికోసమో చచ్చిపోతారు. కూర బాగాలేదని కంచం తోసేసినవాళ్ళు ఒక్కరూ కనపడలేదు. నా బిడ్డ తోస్తుంది. బెల్లం దొంగిలించి తిని, అది మూతికి అంటుకుని ఉండగానే తినలేదని ఒట్టు పెడుతుంది. అష్టాచెమ్మలో ఓడిపోతే రెండు రోజులు నాతో మాట్లాడదు.

నేనూ తక్కువ చెయ్యలేదు. చదువు రాకముందు వాడకట్టు పిల్లలకు తిక్కలోడి కథలు చెప్పి నవ్వించేదాన్ని. నా బిడ్డ అందరికంటే గట్టిగా నవ్వేది కాబట్టి తప్పేమీ లేదనుకున్నాను. ఒకరోజు తిక్కలోడు ఎట్లా నడుస్తాడని ఒక పిల్ల అడిగితే, ఇంకో పిల్ల నా బిడ్డ వైపు వేలు చూపించింది. ఆ రోజే ఆ కథలు మానేశాను.

పోయిన ఏడాది జ్యోతినగర్‌లో కథల సభ పెట్టారు. పెద్ద వయసులో చదువు నేర్చినవాళ్ళతో కథలు చదివించాలని మా టీచరమ్మ ఆలోచన. నాకిచ్చిన కథ రాసింది అక్కడే ఉండే రిటైరైన ఇంజనీరు సారు. ఊరంతా వెక్కిరించే ఒక అమాయకపు పిల్ల. చివర్లో దొర పసిబిడ్డ కాలువలో పడితే దూకి, ఆ బిడ్డను ఒడ్డుకు చేర్చి, తాను కొట్టుకుపోతుంది. ఊరంతా ఏడ్చి మంచిగా మారిపోతుంది.

వారం రోజులు ఇంట్లో పైకి చదువుకున్నాను. నా బిడ్డ వింటూ ఉండేది కాబట్టి కాలువ దగ్గరికి రాగానే ఆపేదాన్ని. రోజూ అడిగేది.

"అమ్మా, గా పిల్ల ఇంటికొచ్చిందా?"

"ఇంకా రాలె బిడ్డా."

"మరి అన్నం తిన్నదా?"

ఆ ప్రశ్న ఎక్కడిదో నాకు తెలుసు. మా ఆయన బొగ్గుబాయి మీద దీపాలిచ్చే లాంపురూములో పనిచేశాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన నెంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు; ఆ బిళ్ళను మేకుకు తగిలిస్తారు. పైకి వచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక మేకుకు ఒక్క బిళ్ళ మిగిలినా ఆ మనిషి ఏడని వెతుకుతారు. అది తేలేదాకా మా ఆయన ఇంటికి వచ్చేవాడు కాదు. ఆలస్యంగా వచ్చి "ఒక్క బిళ్ళ ఉండె" అనేవాడు. ఆ మనిషి ఇంటికి పోయాడా, తిన్నాడా అని అడిగి తెలుసుకున్నాకే నా బిడ్డ తండ్రికి కంచం పెట్టేది.

సభలో నా బిడ్డను ముందు వరుసలో కూర్చోబెట్టారు. చదివాను. పిల్ల కాలువలో దూకింది. పేజీ తిప్పబోతూ తలెత్తితే, నా బిడ్డ నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. పుస్తకం మూశాను.

"అమ్మా, ఇంకొక్క పేజీ ఉందండీ" అంది టీచరమ్మ.

"ఉన్నది టీచరమ్మా. అది నేను చదవ."

వెనక ఎవరో నవ్వారు. "అవ్వకు అక్షరాలు అయిపోయినట్టున్నయ్!"

సారు లేచి నెమ్మదిగా అన్నాడు. "ఆ చావులోనే కథంతా ఉందమ్మా. అది లేకపోతే చదివేవాళ్ళకి కన్నీళ్ళెలా వస్తాయండీ?"

"నా బిడ్డ సచ్చిపోతెగాని మీ కండ్లల్ల నీళ్ళు రావా సారూ? బతికుంటె పనికిరాదా?"

 నేను ఆగలేదు.

"దొర బిడ్డకు అమ్మ ఉన్నది, అయ్య ఉన్నడు. ఈ పిల్లకు అమ్మ ఏది? పొద్దుగాల ఏం తిన్నదో ఒక్క ముక్క రాయలే. మా బాయి మీద ఒక్క బిళ్ళ మిగిల్తె ఆ మనిషి కోసం ఎతుకుతరు. మీరు పిల్లను నీళ్ళల్ల దింపి, బిళ్ళ మేకుకే ఇడిశిపెట్టి, ఊరోళ్ళు మంచిగయిండ్రని ఇంటికి పోతున్నరు."

"మరి మీరైతే ఎలా రాస్తారమ్మా?" సారు వెటకారంగా అన్నాడో, నిజంగా అడిగాడో ఇప్పటికీ తెలియదు.

"పిల్లను ఒడ్డుకు తెస్త. గంతే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరుసలోంచి నా బిడ్డ లేచి అరిచింది. "ఇంటికొచ్చిందా అమ్మా?"

"తోవల ఉన్నది బిడ్డా" అని వేదిక దిగిపోయాను.

మర్నాడు పొద్దున నోటుబుక్కు తీసి ఆ చివరి పేజీ నేనే రాశాను. ఒత్తులు తప్పులుంటాయి, ఉండనీ. పిల్ల తడిబట్టలతో ఇంటికి వచ్చింది. కాలువలో చెప్పు పోయిందని ఏడ్చింది. ఒంటి మీద సోయి లేకుండా దూకినందుకు తల్లి తిట్టింది. పిల్ల తిరిగి తిట్టింది. ఇదంతా చదివి వినిపిస్తే నా బిడ్డ ఊరుకోలేదు.

"తిన్నదా?"

మళ్ళీ పెన్ను తీసుకున్నాను. తిన్నది. మామిడికాయ తొక్కు ఇంకా వెయ్యమన్నది.