ఫైర్‌మన్ చెప్పవలసిన మాట

ఈ చలికాలం మా వీధిలో ఎవరో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి కట్టెలకు బదులు బొగ్గు వేస్తున్నారు. పొద్దున్నే కారు అద్దం మీది మంచు గీకుతుంటే ఆ వాసన ముక్కుకు తగిలి, యాదగిరి అంకుల్ గుర్తొస్తారు. న్యూజిలాండ్‌లోని ఈ హామిల్టన్‌లో మా పక్కింటాయన. కాజీపేటలో ఫైర్‌మన్‌గా రైలింజన్‌లో బొగ్గు ఎత్తిపోసి, తర్వాత డ్రైవరై, రిటైరయ్యాక కూతురి దగ్గరికి వచ్చేశారు. నేను తెనాలి నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రి మందుల విభాగంలో చేరాను. ఈ ఊళ్ళో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. నాకేమో స్టీరింగ్ పట్టుకుంటే చెమటలు. రెండుసార్లు డ్రైవింగ్ టెస్ట్ తప్పి ఏడుపుముఖంతో తిరుగుతుంటే, ఆయనే పిలిచి పక్క సీట్లో కూర్చున్నారు.

మొదటి రోజే ఒక షరతు పెట్టారు. సిగ్నల్ కనబడగానే నేను పైకి చెప్పాలి, ఆయన మళ్ళీ చెప్పాలి. నేను "పచ్చ" అంటే ఆయనా "పచ్చ" అనాలి. నాకు నవ్వొచ్చింది, ఆయనకు రాలేదు. ఆయన తొలినాళ్ళలో పనిచేసినవి అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన ఆవిరి ఇంజన్లట. ముందు బుల్లెట్ ముక్కు, వెనక పొడుగాటి బాయిలర్. డ్రైవర్ ఎడమవైపు ఉంటాడు కనక బండి కుడికి తిరిగితే ఆ బాయిలర్ అడ్డమొచ్చి సిగ్నల్ కనబడదు. కుడివైపున్న ఫైర్‌మన్ చూసి కేక వేయాలి. డీజిల్ ఇంజన్లొచ్చినప్పుడు ఉప్పు లేని పప్పులా ఉన్నాయని ఆయన నెల రోజులు అలిగారట. తీరా చూస్తే అవీ అమెరికా నమూనావే, వాటికీ పొడుగు ముక్కే. "ఆవిరి పోయింది గాని అరుపు పోలే" అనేవారు. అలా అరుచుకుంటూనే మూడోసారి నేను టెస్ట్ పాసయ్యాను.

అప్పట్నుంచి ఆదివారాలు నన్ను తన కారులో ఊరవతలి షెడ్డుకు తీసుకెళ్ళేవారు. పాత ఇంజన్లంటే ప్రాణమిచ్చే కివీ పెద్దలు కొందరు అక్కడ వాటిని బాగు చేసుకుంటుంటారు. వాటిలో ఒకటి తాతలనాడు అమెరికాలో తయారై ఇక్కడికొచ్చింది. మొదటిసారి దాన్ని చూసి, అరచేయి ఆనించి, "నువ్వు గూడ ఇంత దూరం వచ్చినవా తల్లీ" అని పలకరించారు. సగం ఇంగ్లీషుతో, సగం చేతులతో ఆయన చెప్పేది వాళ్ళందరికీ అర్థమయ్యేది. అక్కడికి బస్సు లేదు. కూతురికి ఆదివారాలు డ్యూటీ. స్టీరింగ్ చేతిలో ఉంటేనే ఆయనకు ఆ షెడ్డు, ఆ స్నేహితులు.

అందుకే ఆయన చూపు తగ్గుతోందని నాకు తెలిసినా నోరు మెదపలేదు. బోర్డులు దగ్గరికొస్తే గాని చదవలేకపోయేవారు. ఆయన నడిపేటప్పుడు దీపం రంగు ముందు ఆయన చెప్పాలి, నేను తిరిగి చెప్పాలి; అది ఒక క్షణం ఆలస్యంగా చెప్పేవారు. ఒకట్రెండుసార్లు తప్పే చెప్పారు. రోడ్డు ఖాళీగా ఉంది కదా అని నేనూ ఆ తప్పునే తిరిగి చెప్పాను. అంత పెద్దాయనకు, రైళ్ళు నడిపినాయనకు, నేనా చెప్పేది?

ఒక ఆదివారం తిరిగొస్తున్నాం. ఎదురెండ. "పచ్చ" అన్నారాయన. పక్క రోడ్డు నుంచి పాల ట్యాంకరు వస్తోంది.

"ఎరుపు అంకుల్, ఆపండి."

కారు గీత మీద ఆగింది. ట్యాంకరు మా ముందునుంచి వెళ్ళిపోయింది. దీపం మారాక ఆయన కారును మెల్లగా పక్కకు తీసి, ఇంజన్ ఆపారు.

"ఎన్ని దినాల సంది చూస్తున్నవ్ బిడ్డా?"

"మూడు నెలలవుతోందండీ."

"మరి చెప్పలే?"

"పెద్దవారు కదా అని..."

"బండ్ల పెద్ద, చిన్న ఉండది. డ్రైవరు తప్పు జెప్తే ఫైర్‌మన్ నోరు మూసుకుంటడా? ఎన్కకున్న డబ్బాలల్ల జనం ఏం గావాలె?"

కోప్పడితే బాగుండేది. మెల్లగా అన్నారు. కారు దిగి, చుట్టూ తిరిగి నా వైపు వచ్చి తలుపు తీసి, తాళాలు నా చేతిలో పెట్టారు. ఆ తర్వాత ఆయన మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు. పోయిన ఏడాది ఆయన పోయేదాకా ప్రతి ఆదివారం నేనే తీసుకెళ్ళాను. చివరి నెలల్లో దీపం ఎక్కడుందో కూడా ఆయనకు కనబడేది కాదు. నేను "పచ్చ" అంటే ఎదురుగా చూస్తూ "పచ్చ" అనేవారు. నా మాట మీద అంత నమ్మకం పెట్టిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మొన్న ఆసుపత్రిలో, నేనెంతో గౌరవించే పెద్ద డాక్టరు రాసిన మోతాదు ఎక్కువనిపించింది. వెంటనే ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. ఆవిడ మళ్ళీ చూసుకుని, మోతాదు సరైనదేనని, ఎందుకో ఓపిగ్గా వివరించారు. పొరపాటు నాదే. అయినా నాకు చిన్నతనమనిపించలేదు. మర్యాద అనుకుని నేను నోరు మూసుకున్న ఆ మూడు నెలలకే ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆ సిగ్గును పోనివ్వను.