కత్తెర మామ మోచేయి

మా వీధి చివర సెలూన్ నడిపే ఆయన్ని అందరం కత్తెర మామ అంటాం. గిరగిరా తిరిగే కుర్చీ మీద నిలబడి ఫ్యాను రెక్కలు తుడవకూడదని, ఊళ్ళో వాళ్ళ జుట్టు కత్తిరిస్తూ తన జుట్టు నెరిసిన మనిషికి ఎవరు చెప్పాలి? ఎవరూ చెప్పలేదు. కుర్చీయే చెప్పింది. కుడి మోచేయి మూడు ముక్కలైంది.

డాక్టరు మోచేయి కోసి, ముక్కలు చేర్చి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించాడు. రోజూ మెల్లగా వంచుతూ చాపుతూ ఉండమనీ, లేకపోతే కీలు బిగుసుకుపోతుందనీ మరీ మరీ చెప్పాడు. మామ బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చాక సొంత వైద్యం మొదలుపెట్టాడు.

"కుర్చీకి కొత్త స్క్రూలు బిగించి, ఆ పూటే ఎవర్నయినా కూర్చోబెడతామా? ఊడిపోదూ?" అన్నాడు.

ఆ తర్కానికి ఇల్లంతా దాసోహమంది. చేయి దిండెక్కింది. అత్త అన్నం తినిపించేది, కూతురు చొక్కా గుండీలు పెట్టేది. మోచేతికి దక్కిన మర్యాద మామకు ఏనాడూ దక్కలేదు.

షాపు అత్త తమ్ముడు చూసుకున్నాడు. ఉన్నవి రెండు కుర్చీలే. "వాడు నా కుర్చీకి ఎసరు పెడుతున్నాడు" అని మామ మంచం మీద నుంచే పళ్ళు నూరేవాడు.

తీరా చూస్తే చేయి కొక్కెంలా ఉండిపోయింది. సాగదు, ముడుచుకోదు. డాక్టరు తల పట్టుకున్నాడు.

"ఎముక ఎప్పుడో అతికింది బాబాయ్. కదపకుండా కీలును మీరే పాడు చేసుకున్నారు" అంది ఫిజియోథెరపీ అమ్మాయి.

మామకు అప్పుడు నిజంగా భయం వేసింది. కత్తి పట్టలేకపోతే ఇక తనెవరు? నెలల తరబడి కాపడాలు, వంపులు, సాగదీతలు, మధ్యలో ఆ అమ్మాయి వినకూడని తిట్లు. చేయి పూర్తిగా రాలేదు గానీ ఎదుటి మనిషి గడ్డం దాకా వచ్చింది.

మామ తిరిగొచ్చిన రోజు పాత గిరాకీలందరూ పరామర్శించారు, గుండె ధైర్యాన్ని మెచ్చుకున్నారు, వెళ్ళి బావమరిది కుర్చీలో కూర్చున్నారు. ఎవరి మెడ వాళ్ళకు ముద్దు. మామ తన కుర్చీని తుడిచిందే తుడుస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నం, బెంచీ మీద జనం ఎదురుచూస్తుండగానే, బావమరిది దువ్వెన పక్కన పెట్టి మామ కుర్చీలో కూర్చున్నాడు. మెడకు గుడ్డ తనే చుట్టుకున్నాడు.

"గడ్డం చెయ్యి బావా."

మామ కత్తికి కొత్త బ్లేడు వేశాడు. బావమరిది గడ్డం దాకా తెచ్చి ఆపాడు.

"నీకు భయం వెయ్యట్లేదురా?"

"వేస్తోంది. కానియ్యి" అని తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు.