కాదనడం, కాదని చూపడం

నా చిన్నప్పుడు, మలేసియాలో బంటింగ్ దగ్గరి రబ్బరు తోటలో మేమున్న రోజుల్లో, క్రిస్మస్ పాటలకు ముందు వరుసలో నిలబడటాన్ని మించిన గౌరవం లేదనుకునేదాన్ని. ఆ ఏడు ఆ చోటు నాకు దక్కింది. అమ్మ కొత్త గౌను కూడా కుట్టించింది.

మాతో గొంతు కలిపి పాడుతూ పాటలు నేర్పేది మా మావయ్య. చర్చి వెనకాల రేకుల షెడ్డులో సాధన జరిగేది. ఒక సాయంత్రం పల్లవి పైకి లేచే చోట ఎవరిదో గొంతు పక్కకు జారింది. మళ్ళీ పాడించినా అదే తంతు. మావయ్య చూపు నామీద ఆగింది.

"ఏటమ్మా, అలా పాడతన్నావు? నువ్వు ఎనక్కి పో."

"నాను కాదు మావా," అన్నాను. ఆయన వినలేదు. కాదు కాదంటూ గొంతు పెంచాను. చివరికి ఏడుపే వచ్చింది.

పక్కింటి అక్క అక్కడే ఉంది. క్లాంగ్ పట్నంలో ఇంగ్లీషు బడికి వెళ్ళే ఆమె, అక్కడి వాదనల పోటీల్లో నేర్చిన కొత్త మాటలన్నీ నాకు చెబుతుండేది. నన్ను పక్కకు పిలిచి కళ్ళు తుడిచి, అక్కడి వాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి చెప్పింది.

"నువ్వు సేసినది డినై లా. ఊరికే కాదన్నావు. ఆ మాట తప్పని రుజువు సేస్తే, అదీ రిఫ్యూట్. రా, సేద్దాం."

పిల్లల కోసం తెచ్చిన పళ్ళెంలోంచి ఒండే-ఒండే ఒకటి తీసింది. పైన కొబ్బరి కోరు, లోపల బెల్లం పాకం ఉన్న ఆ ఉండను నా నోట్లో కుక్కి, మింగొద్దని చెప్పి, మావయ్య ఎదురుగా నిలబెట్టింది.

"ఇప్పుడు పాడించు మావా."

పల్లవి పైకి లేచింది. గొంతు జారింది. నా బుగ్గలు మాత్రం ఉబ్బే ఉన్నాయి. మావయ్యకు ఏదో అనుమానం వచ్చినట్టుంది. అందరినీ ఆపి ఆ ముక్క ఒక్కరే పాడి చూసుకున్నారు. సరిగ్గా అక్కడే జారింది.

"నానేనా?" అని ఆయన బల్లమీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వారు. నేనూ ఆపుకోలేకపోయాను. కొబ్బరంతా ఆయన చొక్కా మీద పడింది. అది దులుపుకుంటూనే నా చెయ్యి పట్టుకుని ముందు వరుసలో నిలబెట్టారు. పండగనాడు తాను పెదవులు బిగించి, చేతులు మాత్రం ఊపుతూ మాచేత హాయిగా పాడించారు.

ఇప్పటికీ ఎవరో ఒక ఆరోపణను రిఫ్యూట్ చేశారని పేపర్లో చదివితే, ఏం చూపించారా అని వెతుకుతాను. చాలాసార్లు ఊరికే కాదని ఉంటారు. అక్క నేర్పింది అది. నా మాటే తప్పని ఎవరైనా చూపించినప్పుడు మాత్రం మావయ్య గుర్తొస్తారు. ముఖం ముడుచుకోబోయి, నవ్వేస్తాను.