నాయన చేతికి మిగిలిన చదువు

ఆ పొద్దున మా నాయన పేపరు వేసే ఆయనతో జగడానికి దిగాడు. కన్నడ పేపరు వేయాల్సిన మనిషి తెలుగు పేపరు వేసిపోయాడని ఆయన కోపం.

బళ్ళారిలో ఇది జరగకూడని పొరపాటేమీ కాదు. ఒకే బండి మీద రెండు భాషల పేపర్లూ వస్తాయి. రెండు లిపులూ దూరం నుంచి చూస్తే ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ బడిలో కన్నడం చదివిన మాబోటి వాళ్ళకు తెలుగు పేపరు చేతికొస్తే చిత్రంగా ఉంటుంది. అక్షరాలన్నీ తెలిసినట్టే కనబడతాయి, ఒక్కటీ పట్టుబడదు. నేను పెద్దయ్యాక పంతం కొద్దీ తెలుగు చదవడం నేర్చుకున్నాను. నాయన ఏడో తరగతి దాకా చదివిన కన్నడంతోనే సరిపెట్టుకున్నాడు.

"ఏమప్పా, ఇన్నేండ్లుగా ఏస్తాండావు, మా ఇంటికి ఏ పేపరో నీకు తెల్దా? ఈ తెలుగు పేపరు నేనేం జేసుకోవల్ల?" అని కేకలేస్తున్నాడు.

పేపరాయన దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ నాయన చేతిలోనే పెట్టాడు. "ఇది కన్నడమే గదా మాస్టరూ. సరిగ్గా చూడప్పా."

నేను బయటికొచ్చి చూశాను. రోజూ వచ్చే కన్నడ పేపరే. నేనూ నవ్వాను, అమ్మా నవ్వింది, పేపరాయనా నవ్వుకుంటూ పోయాడు. నాయన మాత్రం అద్దాలు సర్దుకుని, ఆ కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నాకు నా మీదే అసహ్యం వేస్తుంది.

మా నాయన జీన్స్ యూనిట్లో కటింగ్ మాస్టరు. పొడవాటి బల్ల మీద గుడ్డను పొరల మీద పొరలుగా పరిచి, పైపొర మీద సుద్దముక్కతో పాంటు ముక్కల గీతలు గీసి, కరెంటు కత్తితో ఒక్కసారిగా కోస్తారు. కత్తి పట్టుకునే ముందు నాయన ప్రతి గీత మీదా చూపుడు వేలిని ఒకసారి నడిపిస్తాడు. కొత్తగా పనికి వచ్చినవాళ్ళు ఎగతాళి చేస్తే, "గీతను చూసేది కన్ను గాదప్పా, ఏలు" అనేవాడు. కోసిన ముక్కలు కట్టకట్టి, ప్రతి కట్టకూ సైజూ, అవి పాంటు ముందు వైపువో వెనక వైపువో రాసిన చీటీ తానే పెడతాడు. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఒకటో తరగతి పిల్లలకు కన్నడ అక్షరాలు దిద్దించే పంతులమ్మను నేను, నా రాత కన్నా ఆయన రాతే బాగుంటుంది.

పేపరు గొడవ జరిగిన రోజే మధ్యాహ్నం నాయన తన ఫోను నా దగ్గరికి తెచ్చాడు. "ఇది గూడా తెలుగుకు తిరుక్కోనుండాది పాపా, కొంచెం సరి చేయి." నేను సెట్టింగుల్లోకి వెళ్ళి చూశాను. భాష కన్నడమే. "ఉండేది కన్నడమే నాయనా, ఊరికే బేజారు చేయొద్దు" అని విసుక్కుని, పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకోవడంలో పడ్డాను.

తర్వాతి వారంలో యూనిట్ ఓనరు నాకు ఫోన్ చేశాడు. నాయన రాసిన చీటీని కుట్టేవాళ్ళు తెచ్చి ఏదో సందేహం అడిగితే, "ఇది ఎవురు రాసినారు? నాకు చదివేకి రాదు" అన్నాడట. ఓనరు కళ్ళ ముందే నాయన రాసిన చీటీ అది. ముందు వైపు ముక్కల కట్టా వెనక వైపు ముక్కల కట్టా కలిసిపోయి ఒక పూట పని చెడిందట. "మాస్టరు తాగడం మొదలుపెట్టినాడా ఏందమ్మా?" అని అడిగాడు. నాయన వక్కపొడి తప్ప ఏదీ ఎరగడు. నేను ఓనరు మీద మండిపడి, అదే మంటతో నాయనను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

అక్కడ మరో తమాషా. కన్నడ అక్షరాల పట్టీ పెడితే నాయన ఒక్క అక్షరం చెప్పలేకపోయాడు. అక్కడి అమ్మాయి ఆయనకు చదువు రాదనుకుని, చదువు లేనివాళ్ళకు పెట్టే పట్టీ పెట్టింది. మూడు కాళ్ళ గుర్తు పైకి చూస్తోందా, కిందికా, పక్కకా అని చెప్పాలి. నాయన అడుగు వరస దాకా తప్పు లేకుండా చెప్పేశాడు. అద్దాలతో చూపు దివ్యంగా ఉందన్నారు. ఆ తర్వాత ఫారం ఇస్తే నాయన తన పేరు, ఇంటి చిరునామా గుండ్రటి అక్షరాల్లో రాసి సంతకం పెట్టాడు. ఆ అమ్మాయి ఫారం వంకా నాయన వంకా చూసి, చివరికి నా వంక చూసింది. ఆ చూపు నాలో ఒక అనుమానపు పురుగును వదిలింది.

ఆ సాయంత్రం నేను నాయనను నా శిష్యుణ్ణి చేశాను. పలక లాంటి అట్ట మీద కాగితం పెట్టి పది మాటలు చెప్పాను. పదీ రాశాడు, ఒత్తులతో సహా. పదికి పది. "ఇప్పుడు చదువు" అన్నాను. మొదటి మాట వైపు చూస్తూ ఉండిపోయాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"రాలేదు పాపా."

"నీ చేత్తో ఇప్పుడే రాసింది నీకే రాలేదా?"

"అదే నాకూ అర్థం కాలేదు. రాసేటప్పుడు వస్తాంది. చూస్తే పోతాంది."

నేను ఇన్నేళ్ళుగా పిల్లలకు చదువు చెబుతున్నదాన్ని. చదవడం వచ్చాకే రాయడం వస్తుందని నాకు తెలుసు. నాకు తెలియనిది ఈ లోకంలో ఉండదని కూడా తెలుసు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పని మానేయాలని ఉండి, ఆ మాట చెప్పలేక ఇలా చేస్తున్నాడని తేల్చేశాను. "నాటకాలొద్దు నాయనా. పనికి పోలేకపోతే పోలేనని చెప్పు, నేను జీతం తెస్తాండాను గదా. అబద్ధం మాత్రం చెప్పొద్దు" అన్నాను.

నాయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నాకు ఇచ్చి, లేచి వెళ్ళాడు. వెళుతూ కుడి భుజం తలుపుకు గుద్దుకున్నాడు. అలా గుద్దుకోవడం ఆ వారంలో మూడోసారో నాలుగోసారో. కంచంలో కుడి పక్క వడ్డించిన పచ్చడి ముట్టకుండా లేస్తున్నాడని అమ్మ కూడా రెండుసార్లు అంది. అమ్మ దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేసింది. నేను అదీ చేయలేదు.

ఇంకొక డాక్టరు ఇదంతా మనసు దిగులన్నాడు. ఆయన ఇచ్చిన మాత్రలతో నాయన పగలంతా నిద్రపోయేవాడు. మాట బాగుంది, నడక బాగుంది, కాలూ చేయీ ఆడుతున్నాయి, నోరు వంకర పోలేదు. అలాంటి మనిషికి జబ్బుందని ఎవరైనా ఎలా అనుకుంటారు? యూనిట్లో ఆయన బల్ల దగ్గర వేరొకర్ని పెట్టారు. నాయన ఇంట్లోనే కూర్చుని, రోజూ పేపరు తిరగేసి, బొమ్మలు చూసి మడిచి పెట్టేవాడు.

పేపరు గొడవ జరిగి నెల దాటాక, నాయన కౌల్ బజార్లో నా పక్కనే నడుస్తూ ఒక మోటారు సైకిలు కింద పడబోయాడు. అది ఎక్కడి నుంచో ఊడిపడలేదు, కుడి వైపు నుంచి హారన్ కొడుతూనే వచ్చింది. "అది యాడనుంచి వచ్చె?" అని నాయన నన్ను అడిగాడు. ఆ గొంతులో నిజమైన భయం ఉంది. తప్పుకోబోయి పడి మోకాలు చెక్కుకుపోతే ఆసుపత్రికి తీసుకుపోయాను. గాయం కడుగుతున్నది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. అనంతపురం వైపు మనిషి, తెలుగులోనే మాట్లాడింది. గాయం ఎలా తగిలిందని అడిగి, బండి కనబడలేదని నాయన అనగానే ఆమె చేతిలోని దూది ఆగిపోయింది.

నాయనను తన ముక్కు వైపే చూడమని, రెండు చేతులూ పక్కలకు చాపి వేళ్ళు ఆడించింది. ఎడమ పక్క వేళ్ళు కదిలితే నాయన చెప్పాడు. కుడి పక్క ఏవీ కదల్లేదన్నాడు. రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి, ఆ పక్క సగం లోకం ఆయనకు లేదు. నెలకు పైగా ఆయన సగం లోకంలో తిరుగుతుంటే నేను పక్కనే ఉండి నాటకమన్నాను. అప్పుడు నేను ఆమెకు చదువు సంగతి చెప్పాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

ఒక కాగితం ఇచ్చి, "పెద్దాయనా, మీ మనసులో ఏముంటే అది ఒక మాట రాయండి" అంది. నాయన రాశాడు. నా చేత, ఒక నర్సు చేత కూడా వేరే కాగితాల మీద కన్నడంలోనే ఏదో రాయించింది. మూడూ కలిపి పక్కన పెట్టి, ఊరూ పనీ గురించి కాసేపు మాట్లాడించి, తర్వాత మూడూ ఆయన ముందు పరిచింది. ఇందులో మీది ఏదో చదివి చెప్పమంది.

నాయన మూడింటినీ చూశాడు. "నాకు తెలుగు రాదమ్మా" అన్నాడు.

పేపరు తెలుగైందన్న మనిషి, ఫోను తెలుగుకు తిరిగిందన్న మనిషి, మొదటి రోజు నుంచీ మాకు తన జబ్బును ఉన్నదున్నట్టు చెబుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మకు కన్నడం మాట్లాడడం వచ్చు, చేతిరాత చదవడం రాదట. నాయన కాగితం నా చేతికిచ్చి, "సరిగ్గా రాశారా? ఏం రాశారు?" అని అడిగింది.

కన్నడంలో రెండే వాక్యాలున్నాయి. నేను చెప్పేది నిజం. నా కూతురు నమ్మదు.

ఒక్క తప్పు లేదు. "తప్పులేమీ లేవు మేడం. తన పేరూ, ఊరూ రాసుకున్నాడు" అన్నాను.

నాయన నా మొహం వైపు చూశాడు. ఆయన మతిమరుపు మనిషి కాదు, ఏం రాశాడో ఆయనకు తెలుసు. మోకాలి కట్టు సర్దుకున్నాడు. అబద్ధం చెప్పొద్దని ఆయనకు నీతులు చెప్పినదాన్ని, ఆయన ఎదుటే అబద్ధం చదివాను.

స్కాన్ తీశారు. మెదడులో ఎడమ పక్క, వెనక వైపు, రక్తం అందక దెబ్బతిన్న చోటు కనబడింది. డాక్టరమ్మ ఆ బొమ్మను వెలుతురుకు పెట్టి చూపించింది. "కన్ను బాగుంది, మాట బాగుంది, చేయి బాగుంది. చూసిన అక్షరం మాట దగ్గరికి పోయే దారి ఒక్కటే తెగింది. నేను కూడా పుస్తకంలో చదవడమే, మనిషిలో చూడడం ఇదే మొదటిసారి" అంది. ఆమె గొంతులో నాకున్న ఆశ్చర్యమే ఉంది. ఆ వెంటనే మామూలు గొంతుతో, ఇది పక్షవాతం లాంటిదేనని, దీనికి వేసే మాత్రలు లేకుండా ఇన్నాళ్ళు ఉండడం మా అదృష్టమని, రెండోసారి వచ్చి ఉంటే మనిషి దక్కేవాడు కాదని చెప్పింది.

పోయిన సగం చూపూ, చదువూ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. చదువు వచ్చింది, ఎవరూ అనుకోని దోవలో.

ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్ని రోజులకు నాయన పేపరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అలవాటు కొద్దీ చూపుడు వేలు పెద్ద అక్షరం మీద పెట్టి, సుద్దగీత మీద నడిపినట్టు దాని వంపుల వెంట నడిపాడు. వేలు చివరిదాకా పోగానే ఆయన నోరు "మ" అంది. ఆయనే ఉలిక్కిపడ్డాడు. పక్క అక్షరం మీద నడిపాడు. "ళె." నాకేసి తలెత్తి, "మళె పాపా! వాన! వానను గురించి రాసినారు!" అని అరిచాడు. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

నేను ప్రతి జూన్‌లోనూ పసివాళ్ళ వేళ్ళు పట్టుకుని ఇసుకలో దిద్దిస్తాను. అది చేతికి నేర్పడమే అనుకున్నాను కానీ, చేయి దాన్ని ఇంత భద్రంగా దాచుకుంటుందని ఎన్నడూ అనుకోలేదు. కన్ను పోగొట్టుకున్న చదువును మా నాయన వేలు మోసుకొచ్చింది. ఇంతకన్నా పెద్ద వింత నేను చూడలేదు, చూస్తానన్న ఆశ కూడా లేదు.

ఆ రోజు నుంచి ఆయన చదువు వేలితోనే. ఒక్క వార్తకు ఒక పూట పడుతుంది. ఓనరు మళ్ళీ పిలిచాడు. కత్తి ఇవ్వలేదు, గీతలు గీసే పని మాత్రం ఇచ్చాడు. నాయనకు అదే చాలు.

నాకు మాత్రం ఒక బాకీ మిగిలింది. నోటితో చెప్పుకోలేక, బడిలో వాడే లావు పెన్నుతో తెల్లకాగితం మీద కన్నడంలో పెద్ద పెద్ద అక్షరాలు రాసి, ఒక ఆదివారం ఆయన ముందు పెట్టాను. నాయన అద్దాలు తీసి పక్కన పెట్టాడు. వేలితో చదివే ఇంత పెద్ద అక్షరాలకు ఆయనకు అద్దాలు అక్కర్లేదు. వేలు నడవడం మొదలుపెట్టింది. కుక్కరు మూడు కూతలూ కూసింది, అన్నం దిగింది, వేలు ఇంకా నడుస్తూనే ఉంది. నేను కదల్లేదు.

చివరి అక్షరం మీద వేలు చాలాసేపు ఆగింది. తర్వాత కాగితాన్ని నా వైపు తిప్పి జరిపాడు.

"ఇప్పుడు నువ్వు చదువు పాపా" అన్నాడు. "ఏముంటే అదే చదువు."

నేను మొదటి అక్షరం మీద వేలు పెట్టాను. "నాయనా, ఆ పొద్దు డాక్టరమ్మ ముందర నేను అబద్ధం చదివినాను. నువ్వు చెప్పింది నిజం. నేను నమ్మలేదు." నేను రాసింది అంతే. అంత చదవడానికి ఆయన కన్నా నాకే ఎక్కువసేపు పట్టింది, నాయన తొందర పెట్టలేదు.