చెల్లె బోరు కోసం నేను చేసిన ప్రార్థన

పోయిన ఆదివారం ఆరాధన అయిపోయాక, గుడి బయట చెప్పుల కుప్పలో నా జత వెతుక్కుంటుంటే అమ్మగారు వెనక నుంచి వచ్చి చేయి పట్టుకున్నారు. అమ్మగారంటే మా సంఘం అయ్యగారి, అదే మా పాస్టరు గారి, భార్య. వయసులో నాకంటే పదిహేనేండ్లు చిన్నది, అయినా ఆ పిలుపు ఆమె హోదాకు. "అక్కా, వచ్చే శనివారం కొత్త కోడండ్లందరినీ పిలుస్తున్న. చింతలల్ల ఉన్నప్పుడు ప్రార్థన ఎట్ల చేయాల్నో మీరు చెప్పాలె. మీరైతే మొహమాటం లేకుండ చెప్తరు," అన్నారు. నేను నల్లగొండ కాలేజీలో డిగ్రీ చదివినదాన్ని, చేతికి మైకు దొరికితే ఊరికే వదలనని మా ఊళ్ళో పేరు. అయినా ఆ పూట "చూస్త తియ్యి" అని చెప్పులు వేసుకున్నాను. ప్రార్థన అనగానే ఎవరికైనా దేవుడు గుర్తొస్తాడు. నాకు మా తోటికోడలు గుర్తొస్తుంది. ఆ గుర్తు రావడంలో భక్తి ఏమీ లేదు. కడుపు మంటే.

తోటికోడలంటే మా మరిది భార్య. నేను చెల్లె అంటాను, తను నన్ను అక్కా అంటుంది. వినేవాళ్ళకు మేం ఒక తల్లి బిడ్డలమే అనిపిస్తుంది. తనది హుజూర్‌నగర్ దిక్కు. కృష్ణ కాలువ నీళ్ళలో కాళ్ళు ఆడించుకుంటూ పెరిగిన పిల్ల, కట్టంగూర్ పక్కన మా రాళ్ళ నేలలోకి కోడలై వచ్చింది. వచ్చిన ఏడాదికే ఇంట్లో అన్నీ తనవైపు ఒరిగాయి. నేను పదేండ్ల నుంచి వండుతున్న చింతచిగురు పప్పు ఒక్కసారిగా పులుపెక్కువైంది. నేను పెంచిన కోళ్ళు కూడా తన గొంతు వింటే తన గడపలోకే పోయేవి. ఇక ప్రార్థన సంగతి అడగొద్దు. తను కండ్లు మూసుకుని "తండ్రీ" అనగానే గొంతు వణికేది, రెండో మాటకు కన్నీళ్ళు జారేవి, మూడో మాటకు చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరి కొంగులూ కండ్ల దగ్గరికి చేరేవి. నేను ప్రార్థన చేస్తే మాత్రం మా అత్తమ్మ మధ్యలో ఒక కన్ను తెరిచి చూసేది. ఒకసారి అందరి ముందరే అనేసింది: "చిన్నకోడలు ప్రార్థన చేస్తే పానం నిమ్మళమైతది. పెద్దకోడలు చేస్తే పంచాయితీల నిలవడి మాట్లాడినట్టుంటది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి పోయి ఆ కోపం గిన్నెల మీద చూపించాను. ఆ సొట్టలు ఇప్పటికీ ఉన్నాయి.

మా మామ పోయే ముందు బత్తాయి తోటను ఇద్దరు కొడుకులకూ సమంగా పంచాడు. మధ్యలో ఒక గట్టు. బోరు మాత్రం ఒక్కటే, అదీ మామ తన చేతుల మీదుగా వేయించింది, గట్టుకు మా వైపు పడింది. మరిది తన వైపు వేరే బోరు వేసుకున్నాడు, నాలుగేండ్లు బాగానే పోసింది. రాష్ట్రం వచ్చిన కొన్నేండ్లకు పొలాలకు రాత్రింబవళ్ళు కరెంటు ఇవ్వడం మొదలైంది. అంతకుముందు కరెంటు కోసం కాపలా కాసిన మనుషులం. ఆ ఆరాటంలో ఊళ్ళో ప్రతి మోటరుకూ దానంతటదే నడిచే స్టార్టరు బిగించి, ఎవరి నీళ్ళు వాళ్ళు తోడుకోవాలని ఆగకుండా తోడారు. రెండేండ్లు వానలు కూడా మొహం చాటేశాయి. ఆ ఎండాకాలం చెల్లె వాళ్ళ బోరు మొదట బురద కక్కింది, తర్వాత గాలి కక్కింది, తర్వాత ఊరుకుంది. గట్టుకు అవతల చెట్ల ఆకులు బీడీ ఆకుల్లా చుట్టుకుపోతున్నాయి. ఇవతల మా బోరు రెండించుల ధారతో పోస్తూనే ఉంది. నేను పొద్దున్నే పోయి ఆ ధార కింద కాళ్ళు కడుక్కునేదాన్ని. గట్టవతల నుంచి తను చూస్తుందని తెలుసు. అందుకే కొంచెం ఎక్కువసేపు కడుక్కునేదాన్ని.

మరిది కొత్త బోరు వేయాలనుకున్నాడు. కొబ్బరికాయ అరచేతిలో నిలబెట్టి నీళ్ళ జాడ చెప్పే మనిషి ఒకాయన ఉంటే, చెల్లెకు తెలియకుండా తీసుకొచ్చి చూపించాడు. మేము సంఘస్తులం కదా, అట్లాంటివి చేయగూడదు. మరిది ఆ పని ముందు చేసుకుని, తర్వాత అయ్యగారిని ప్రార్థనకు పిలిచాడు. ఆ కొబ్బరికాయ ఎక్కడ నిలబడిందనుకున్నారు? గట్టు పక్కనే, మా బోరుకు ముప్పై అడుగుల దూరంలో. మా ఆయన ఆ మాట విని అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "గంత దగ్గర ఏస్తే మన నీళ్లు గుంజుకపోతయి. అండ్ల పడ్డదంటే ఇండ్ల ఎండినట్టే," అన్నాడు. మా నేలలో అది అందరికీ తెలిసిన సంగతే. భూమి లోపల గట్లు ఉండవు.

ఆ శుక్రవారం ఆడవాళ్ళ ఉపవాస కూడిక. అందులో మా సంఘానికి ఒక అలవాటు ఉంది. ఎవరి చింత వాళ్ళు చీటీ మీద, పేరు లేకుండా, రాసి బిస్కెట్ల డబ్బాలో వేయాలి. చివర్న తలా ఒక చీటీ తీసుకోవాలి. తనదే తనకు వస్తే తిరిగి వేసేయాలి. వేరేవాళ్ళది వస్తే ఏడు రోజులు దాని కోసం ప్రార్థన చేసి, మళ్ళీ శుక్రవారం అందరి ముందర నిలబడి "చేసిన" అని చెప్పి చీటీ అప్పగించాలి. అంతకుమించి అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళు లేరు. నేను చేయి పెట్టి తీసి, ఇంటికి పోయి విప్పి చూస్తే, గుండ్రటి ముద్దొచ్చే చేతిరాత. "కొత్త బోరుల నీళ్లు పడాలె. లేకుంటే చెట్లు బతకవు." పేరు లేకపోతే ఏం, ఆ రాత ఎవరిదో నాకు తెలియదా? మా అత్తమ్మ మందుల చీటీలన్నీ తనే రాస్తుంది.

నేను ప్రార్థన ఎగ్గొట్టే మనిషిని కాను. నోరు చెడ్డది కానీ మాట తప్పను. శనివారం మోకరించి "ప్రభువా, చెల్లె బోరుల నీళ్లియ్యి" అన్నాను. అనగానే నా గొంతు నాకే ఎవరి దగ్గరో అద్దెకు తెచ్చుకున్నట్టు వినిపించింది. ఆదివారం ఒక చిన్న సవరణ చేశాను: "ఇయ్యి గాని, మా బోరు జోలికి పోకు." సోమవారానికి భూగోళ శాస్త్రం మొదలైంది. "తండ్రీ, వాళ్ల తోటకు తూర్పున రోడ్డు పక్కన ఎంత జాగ లేదు? అక్కడ పడనియ్యి, గట్టు పక్కన వద్దు." మంగళవారం నాటికి సర్వేయరు చెయిను పట్టుకుని నిలబడ్డట్టు దేవుడికి హద్దులు చూపిస్తున్నాను. మధ్యలో వాదన కూడా పెట్టుకున్నాను: ఇన్నేండ్లు వాక్యం చదివింది నేను, ఆదివారం బడిలో పిల్లలకు చెప్పింది నేను, రెండు కన్నీటి బొట్లు రాల్చి అన్నీ తీసుకుపోయేది తనా? ఆయన జవాబివ్వలేదు. నాతో వాదించడం దండగని మా ఆయనకు లాగే ఆయనకూ తెలిసుంటుంది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. నా సొంత చింతల కోసం కూడా నేనెప్పుడూ అంత మనసు పెట్టి ప్రార్థన చేయలేదు.

గురువారం పొద్దున బోరుబండి వచ్చింది. కొబ్బరికాయ చెప్పిన చోటే. అయ్యగారు ప్రార్థన చేసి పక్కకు జరిగారు. ఇంజను మొదలైంది. మూడు వందల అడుగులు, తెల్లటి దుబ్బ. ఐదు వందలు, దుబ్బ. ఏడు వందలు, అదే దుబ్బ. ఆ రాతి పొడి గట్టుకు అటు ఎండుతున్న చెట్ల మీదా, ఇటు పచ్చటి చెట్ల మీదా ఒకే తీరుగా పడింది. చెల్లె తల మీద ముసుగేసుకుని గట్టు మీద కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. ఎనిమిది వందల అడుగుల దగ్గర మరిది చేయెత్తి ఆపమన్నాడు.

ఇంజను ఆగిన ఆ క్షణాన నా లోపల చల్లగా ఏదో దిగింది. దానికి నేను చాలా రోజులు వేరే పేర్లు వెతికాను, ఊరట అన్నాను, అలసట అన్నాను. అది సంతోషం. చెల్లె లేచి నా వైపు తిరిగింది. మొహమంతా రాతి పొడి, దాని మీద రెండు చారలు. కూడికలో ఏడ్చినట్టు లేదు ఆ ఏడుపు, అందం లేదు, ముక్కు కారుతోంది. "చెట్లు పోయినట్టే గదా అక్కా," అంది. నేను "అవు" అన్నాను. అంతకంటే పెద్ద మాట నా డిగ్రీ చదువులో దొరకలేదు.

మర్నాడు కూడిక. ఒక్కొక్కరే లేచి "చేసిన" అని చీటీ ఇచ్చి కూర్చుంటున్నారు. నా వంతు వచ్చింది. చేసిన అంటే అబద్ధం కాదు. ఏడు రోజులూ చేశాను. లేచి నిలబడి ఆ ఒక్క ముక్కా అని కూర్చుందామనే అనుకున్నాను. కానీ నోరు ఒకసారి తెరిస్తే ఆగే అలవాటు దానికి లేదు కదా. "చేసిన," అన్నాను. "కాని నీళ్లు పడాలెనని కాదు. మా బోరు పక్కన పడొద్దని చేసిన. నిన్న ఇంజను ఆగితే సంతోషపడ్డ."

మూలన కూర్చున్న ఒక ముసలవ్వ "ఓయమ్మ, గిట్ల గూడ చేస్తరా ప్రార్థన!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా అత్తమ్మ ఈసారి రెండు కండ్లూ తెరిచింది. నేను చెల్లె వైపు చూడలేదు. తనే మాట్లాడింది.

"నువ్వు నయం అక్కా. గట్లనన్న ఏడు రోజులు మోకరించినవు. పోయినేడు నీ మోకాళ్ల నొప్పి చీటీ నాకొచ్చింది. నేనొక్క పూట గూడ చేయలే. చేసిన అని చెప్పి కూసున్న."

"ఎందుకు చేయలేదే?" అన్నాను, నా తప్పు మరిచిపోయి.

"నీ మోకాళ్లు మంచిగైతే నువ్వు మల్ల పొద్దుగాల నాకంటె ముంగట లేస్తవు, అత్తమ్మ మల్ల నిన్నే మెచ్చుకుంటది అనిపించింది. నువ్వు మాట్లాడితే అందరు ఇంటరు. నేను ఏడిస్తెనే ఇంటరు. నాకు మాటలు రాక ఏడుస్త అక్కా."

అప్పుడు నాకు రావలసింది కరుణ. వచ్చింది ఒళ్ళు మండే కోపం. ఏడాదిగా మెట్లెక్కలేక నేను చస్తుంటే ఈమె! ఆ కోపం వెనకాలే, సిగ్గులేకుండా, ఒక తేలికదనం. పన్నెండేండ్లు నేను కుళ్ళుకున్న దేవత గడపకు అవతల కూర్చుని నన్ను చూసి కుళ్ళుకుంటోందన్నమాట. ముసలవ్వ "ఇద్దరు ఇద్దరే" అని నవ్వడంతో కూడికంతా నవ్వింది. నవ్వుతో చెట్లకు నీళ్ళు మాత్రం రాలేదు.

సాయంత్రం మా ఆయనతో అన్నాను, మన బోరు నుంచి గట్టవతలికి పైపు వేయమని. దినం విడిచి దినం, మాకొక రోజు, వాళ్ళకొక రోజు.

"మతిగిట్ల తప్పిందా? మన చెట్లకే సరిగ సాల్తలేవు."

"బోరు ఎవరు ఏసిండ్రు? నువ్వేసినవా? మీ నాయినేసిండు. ఇద్దరు కొడుకులకు ఏసిండు."

"నిన్నటిదాంక నువ్వే గదా వాళ్ల బోరు పడొద్దన్నది!"

"నిన్న అన్న. ఇయ్యాల గిట్ల అంటున్న. వారం దినాలు దేవునితోటి కొట్లాడిన, నీతోటి ఎంతసేపు?"

ఆయన బండి తీసుకుని పోయాడు. చీకటి పడక ముందే కట్టంగూర్ నుంచి పైపు చుట్టలు వచ్చాయి.

శనివారం కొత్త కోడండ్లకు చెప్పబోయేది ఇదే. ఇదంతా చదివి నా మనసు మారిపోయిందనుకుంటే పొరపాటు. తన వంతు రోజున మోటరు కూడా మెత్తగా పాడుతున్నట్టు, నా వంతు రోజున దగ్గుతున్నట్టు వినిపించేది. ఆదివారం ఎవరి వంతో తేలక, గుడికి పోయే దారంతా కొట్లాడుకుని, గుడిలో పక్కపక్కన కూర్చునేవాళ్ళం. సగం నీళ్ళతో మా చెట్లు పద్నాలుగు ఎండిపోయాయి. ఆమెవి నాలుగైదు తప్ప అన్నీ నిలిచాయి. మరుసటి ఏడు కాయ కోయడానికి వచ్చిన వ్యాపారి, నేను వింటుండగానే, "చిన్నమ్మ తోట కాయ తియ్యగున్నది" అన్నాడు. నా నీళ్ళు! తను సంఘంలో సాక్ష్యం చెప్పింది: "దేవుడు నా చెట్లను కాపాడిండు." నిజమే, నేను కాదనను. పైపు ఎవరు వేశారో కూడా ఒక ముక్క అంటుందేమోనని చివరి ఆమేన్ దాకా చూశాను. అనలేదు. ఎప్పటిలాగే ఏడ్చిందంతే. ఆ మధ్యాహ్నం గంపెడు బత్తాయిలు తెచ్చి నా వంటింట్లో దించి, "తొలి కాయ అయ్యగారింటికి పోవాలె, అటు పోకముందే నీ దగ్గరికి తెచ్చిన, ఎవరికి చెప్పకు" అంది. ఒకటి ఒలిచి తిన్నాను. తియ్యగానే ఉంది. ఎంత తియ్యగా ఉందంటే, మళ్ళీ మండింది.

తర్వాతి ఏండ్లలో వానలు పడ్డాయి, చెరువులు నిండాయి, మరిది గట్టు పక్కనే మళ్ళీ వేసిన బోరులో నీళ్ళు పడ్డాయి. మా బోరూ ఎండలేదు. నేను దేవుడికి చూపించిన హద్దులేవీ ఆయన పట్టించుకోలేదు, మొత్తానికి. ఆ ఎండాకాలం పోయిన పద్నాలుగు చెట్ల జాగాలో చెల్లే వచ్చి నాతో కలిసి కొత్త మొక్కలు నాటింది. నాటుతున్నంతసేపూ నా గుంతలు లోతు లేవని వంక పెట్టింది. ఈ ఏడే అవి మొదటి కాపుకొచ్చాయి. చిన్న కాయలు, కొంచెం పులుపు. బత్తాయి మొక్కకు ఐదేండ్లు పడుతుందని మా దగ్గర చిన్న పిల్లలకు కూడా తెలుసు, అందుకే కాయని మొక్కను ఎవరూ తిట్టరు, పాదు చేసి నీళ్ళు పెడుతూ ఊరుకుంటారు. మనిషికి ఎన్నేండ్లు పడుతుందో మాత్రం ఇంతవరకూ నాకు ఎవరూ చెప్పలేదు.