చిన్నత్త నీలం స్ఫటికం

లాల్‌ఖదాన్‌లో రైలు పట్టాల పక్క క్వార్టర్లో పెరిగిన మా చిన్నత్తకు, బండి వస్తే మాట ఆపి, వెళ్ళాక అందుకోవడం అలవాటు. చరోటా అనే ఆకుకూర ఎండతో ఆహారం వండుకోవడానికి తోడ్పడే రాగి ప్రోటీన్‌ను ఆమె ల్యాబ్‌లో స్ఫటికంగా పెంచేది. కదిపితే అది చెడిపోతుంది. తొందరపడేవాళ్ళతో "బండి ఎల్లనీ" అనేది. ఆ ఓపికకే నీలం స్ఫటికం నిలిచింది, దాని నిర్మాణం తెలిసింది.

ఆ నిర్మాణం బొమ్మ ఇంటికి తెచ్చినప్పుడు, రైలు గార్డుగా రిటైరైన తాతయ్య "మధ్యలో ఈ రాగి ఏటి చేస్తాదమ్మా?" అన్నాడు.

"ఒకచోట ఎలక్ట్రాన్‌ని ఎక్కించుకుని ఇంకోచోట దింపుతాది నాన్నా. పగలంతా అదే డ్యూటీ."

"అచ్ఛా! అయితే మనోడే!"

అంతలో గూడ్సు వచ్చింది. అత్త అలవాటుగా ఆగింది. బండి పోతుండగా ఏనాడూ నోరెత్తని తాతయ్య మాత్రం ఆ చప్పుడును మించి పక్క క్వార్టర్‌కు కేకేశాడు: "ఆకులో కూడా మనోడే ఉన్నాడర్రా! మా పిల్ల చూసింది!"