మామ తిప్పని పడవ

నా చిన్నప్పుడు పడవ ఎక్కాలని ఒకటే పిచ్చి. నది లేని లక్డారంలో పుట్టినదానికి పడవ ఎక్కడ దొరుకుతుంది? పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసే మా చిన్నమామ, మంజీర నదిలో చేపలు పట్టే ఒక పెద్దాయన పడవకు వైరింగు చేశాడు. మర్నాడే బొంబాయిలో ఓడల మరమ్మతు పనికి వెళ్లిపోతాడనగా, ఆదివారం చర్చి అవగానే, పడవలో తిప్పుతానని నన్ను బస్సెక్కించాడు. ఆ పూట నా అంత గొప్పది లేదనుకున్నాను.

అది పాత పడవ. అడుగున నీళ్లు ఊరుతుంటే బ్యాటరీతో నడిచే చిన్న మోటారు తోడి పోయాలి. నేను ఎక్కి కూర్చున్నాక మామ ఆ మోటారు స్విచ్ వేశాడు. టప్పున ఫ్యూజు పోయింది. కొత్తది వేస్తే అదీ పోయింది. వెతికితే పడవ డీజిల్ ఇంజను అంచుకు ఒరుసుకుని మోటారు తీగ తొడుగు చిరిగి ఉంది. కొత్త తీగ కొందామంటే ఆదివారం, దుకాణాలు బంద్.

“ఫ్యూజు జాగల మందం తీగ సుట్టెయ్ పిలగా, గప్పుడెట్ల పోతదో సూద్దం,” అన్నాడు పెద్దాయన. నాకూ అదే కావాలి. ఏడుపు లంకించుకున్నాను.

మామ కోప్పడలేదు. బ్యాటరీని, ఆ తీగను ఒడ్డుకు దించాడు. ఫ్యూజు ఉండాల్సిన చోట మందం తీగ చుట్టి, మమ్మల్ని దూరం జరిపి, చిరిగిన చోటును బ్యాటరీ రెండో కొసకు కలిపిన ఇనుప ముక్కకు తాకించాడు. చూస్తుండగానే తొడుగు కరిగి పొగలు కక్కింది. అబ్బ, ఆ కంపు! భయపడి వెనక్కి పరిగెత్తాను. మామ టక్కున తీగ పీకేశాడు.

“నేల మీదున్నవ్ గాబట్టి ఉరికినవ్. నీళ్ల నడుమ, పక్కన్నే డీజిల్ పెట్టుకొని ఎటు ఉరుకుతవ్ బిడ్డా? ఫ్యూజు మనల్ని ఆపింది. ఎందుకు ఆపిందో సూడకుండ పోవద్దు.”

“రేపు నువ్వు పోతవ్ గద మామా!”

“మల్ల ఒస్త గద. గప్పుడు తిప్పుత.”

వచ్చాడు. ఒకసారి మంజీర ఎండిపోయి ఉంది. ఇంకోసారి పెళ్లి హడావిడి. ఆ తర్వాత బొంబాయిలోనే జబ్బుపడి చనిపోయాడు.

ఇప్పటికీ ఇంట్లో మీటరు దగ్గరి స్విచ్ దానంతటదే పడిపోతే వెంటనే ఎత్తనివ్వను. ఎందుకు పడిందో చూడమంటాను. మా కోడలు విసుక్కుంటుంది, విసుక్కోనీ. మామ చేసింది ముమ్మాటికీ సరైనదే. ఆ మాట నా పిల్లలకూ చెప్పాను, మనవలకూ చెప్పాను. వాళ్లకు చెప్పనిది ఒక్కటే ఉంది. ఆరోజు మామ నా ఏడుపు చూసి ఒక్క చుట్టు తిప్పి ఉంటే ఎంత బాగుండేదో అని ఈ వయసులోనూ అనిపిస్తుంది.